నీలం చుక్క వెంట

"నది ఉన్న ఊరంటున్నావు. పడవ మాత్రం ఎక్కకండే," అన్నాను.

"పడవ ఎక్కుతామని ఎవరన్నారమ్మా?"

"ఎవరైనా ఎక్కమంటేనో? ఎక్కాక జనం ఎక్కువైతేనో? అది ఓ పక్కకి ఒరిగితేనో? నీకు ఈతొచ్చా?"

ఫోన్లో మా బొంగరం నిట్టూర్పు వినిపించింది. బొంగరం నా కూతురు. నడక వచ్చిన రోజు నుంచీ ఒక్కచోట నిలిచేది కాదని వాళ్ళ నాన్న పెట్టిన పేరది. పై చదువుకని వేరే దేశం వెళ్ళి అప్పటికి పది నెలలు. తనతో చదివే ఇద్దరమ్మాయిలతో కలిసి, ఆ శని ఆదివారాలు, రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న ఓ పెద్ద ఊరు చూసొస్తానంటోంది. సంగతి ఇంతే. ఇంత సంగతికి నాకు మూడు రోజులుగా అన్నం సయించడంలేదు.

"రైలు పూర్తిగా ఆగాకే దిగు. మెట్ల మీద ఫోను చూడకు. ఎవరేం ఇచ్చినా తినకు. ఎవరైనా దగ్గరికొచ్చి దారి అడిగితే..."

"నాకే దారి తెలీదు. నన్నెవరడుగుతారమ్మా?"

"అలాంటి వాళ్ళనే చూసి అడుగుతారు."

పేపరు వెనకనుంచి ఆయన నవ్వారు. ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. రోజుకి నలభైమంది పిల్లల్ని ఎక్కించి దించే మనిషికి ఒక్క పిల్ల సంగతి పట్టదని నా బాధ. "నీ భయాన్ని మీటర్ల లెక్కన కొలిస్తే, మీ టైలరు కొట్టుకొచ్చిన ఆ ఆసుపత్రి కిటికీలన్నిటికీ కర్టెన్లు కుట్టగా ఇంకా మిగుల్తుంది," అన్నారు.

"మీరు ఊరుకోండి. సరేనే, వెళ్ళు. కానీ ఆ చుక్క మాత్రం ఆర్పకు. శనివారం పొద్దున్నించీ అది నాకు కనపడుతూ ఉండాలి."

చుక్క అంటే, ఫోన్లో అది ఎక్కడుంటే అక్కడ మ్యాపు మీద నీలంగా వెలిగే చుక్క. నా పక్క మిషను మీద కుట్టే వదిన చూపించింది ఆ ఏర్పాటు. పది నెలలుగా రోజూ చూసేదాన్ని. హాస్టలు, కాలేజీ, కూరగాయల కొట్టు, మళ్ళీ హాస్టలు. చుక్క కాస్త కదిలితే పిల్లకి ఊపిరాడుతున్నట్టు ఉండేది నాకు. ఓసారి స్నానాలగదిలో ఫోను మర్చిపోయి క్లాసుకెళ్తే, జారిపడి లేవలేక అక్కడే ఉండిపోయిందనుకుని హాస్టలు వార్డెనుకు ఫోన్ చేయించాను. ఆమెకి నా మాట తెలీదు, నాకు ఆమె మాట తెలీదు. ఇద్దరం చెరో వైపు ఏడ్చినంత పనైంది.

బొంగరం ఈసారి వాదించకుండా, "సరేలే అమ్మా, చుక్క ఉంటుంది," అంది.

ఆ వానాకాలమంతా నాకు తెల్లగా గుర్తుంది. ఊరి చివర కొత్తగా ఆసుపత్రి కట్టారు. దాని కిటికీలకి కర్టెన్లు మా కొట్టుకే వచ్చాయి. నాలుగువందల పన్నెండు కిటికీలు. కొట్టంటే పెద్దదేం కాదు, పొడుగాటి గది, ఆరు మిషన్లు, గోడవారగా మేస్త్రి కత్తిరింపుల బల్ల. బయట పొద్దుగూకులూ ఒకటే వాన. లోపల తాను వెనక తాను తెల్లగుడ్డ విప్పుతుంటే అది మా ఒళ్ళో పడి, బల్లల కిందనుంచి పారి, ఒకరి కాళ్ళ మీదనుంచి ఇంకొకరి కాళ్ళ మీదికి వెళ్ళిపోయేది. ఎవరి గుడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో తెలిసేది కాదు. మిషన్ల చప్పుడు, వాన చప్పుడు కలిసిపోయి, కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నట్టుండేది.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి, అంటే వాళ్ళకి పొద్దున తొమ్మిదింటికి, చుక్క రైలు స్టేషను దాటి ఊళ్ళోకి దిగింది. నేను ఫోను బల్ల మీద ఆనించి పెట్టుకున్నాను. ఎదురుగా లైనింగ్ గుడ్డ పరిచి ఉంది. చేతిలో గీతలు గీసే సుద్దబిళ్ళ ఉంది. ఎందుకు చేశానో ఏమో, స్టేషను ఉన్నచోట గుడ్డ మీద చిన్న సున్నా చుట్టాను. చుక్క కుడివైపుకి జరిగింది. నేనూ గీత లాగాను. తెర మీద గోరంత జరిగితే గుడ్డ మీద జానెడు. అదీ నా కొలత.

"ఏంటి వదినా ఆ గీతలు?" అంది పక్క మిషను వదిన. ఆమె నాకు వదిన, నేను ఆమెకి వదిన. వరస ఎలా కలిసిందో మా ఇద్దరికీ తెలీదు.

"మా బొంగరం నడుస్తోంది."

"అయితే మెల్లగా గియ్యి, పడిపోతుంది," అని నవ్వింది.

నవ్వితే నవ్వనీ. నేను దానితోపాటు నడిచాను. ఓ వీధి మొదట్లో చుక్క ఆగింది. సందు వంకర తిరిగి ఉంది. రెండు పక్కలా ఎత్తయిన ఇళ్ళు ఉంటాయనుకున్నాను, కిటికీల్లో పూలకుండీలు ఉంటాయనుకున్నాను, వాటిల్లో ఒకటి జారి నెత్తిన పడుతుందని కూడా అనుకున్నాను. "గోడవారగా నడవకు, పైనుంచి ఏమైనా పడతాయి" అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మెసేజి పెట్టాను.

మామూలుగా నా మెసేజీలకి బొంగరం జవాబు "ఊ". అదీ నాలుగింటికి ఒకటి. ఆ రోజు వెంటనే వచ్చింది: "సరే అమ్మా. మధ్యలోనే నడుస్తున్నా."

నీళ్ళు తాగమన్నాను. "తాగాను అమ్మా. రెండు గ్లాసులు."

చున్నీ కప్పుకోమన్నాను. "కప్పుకున్నాను అమ్మా. చలిగా ఏం లేదు. నువ్వు భోజనం చేశావా?"

ఆ ఆఖరి ముక్క వదినకి చూపించాను. మేస్త్రికీ చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివి, "పిల్లకి బుద్ధొచ్చిందమ్మా," అన్నాడు. నా ప్రాణం హాయిగా ఉంది. గుడ్డ మీద ఊరు పెరిగింది. పెద్ద చదరం ఒకటి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. గుండ్రంగా ఏదో, తోటేమో. పుస్తకాల కొట్టో బట్టల కొట్టో, అరగంట కదల్లేదు. ఇంతవరకూ నేను మా ఊరు దాటి ఎరగను. ఆ మధ్యాహ్నం మాత్రం కుర్చీలోంచి లేవకుండా ఓ ఊరంతా తిరిగాను. కాళ్ళు కూడా నిజంగానే నొప్పి పుట్టాయి.

ఐదింటికి చుక్క నది ఒడ్డుకొచ్చింది. వంతెన అటు చివర ఉంది. చుక్క వంతెన వైపు వెళ్ళలేదు. తిన్నగా నీళ్ళలోకి వెళ్ళింది.

నా సుద్ద విరిగింది.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. చుక్క నది మధ్యకి పోతోంది. మూడోసారి ఎవరో ఎత్తారు. ఇంజను చప్పుడు, గాలి హోరు.

"పడవ ఎక్కావటే? ఎక్కొద్దని చెప్పానా లేదా?"

"ఆంటీ," అంది ఎవరో. "నేను... తన ఫ్రెండుని. పొడుగమ్మాయిని."

ఆ ఇద్దరు స్నేహితురాళ్ళనీ ఫోన్లోనే చూశాను. ఒకమ్మాయి పొడుగ్గా ఉంటుంది, రెండో పిల్ల ఎప్పుడూ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటుంది.

"మా పిల్లేదమ్మా? ఫోనివ్వు."

"తను లేదు ఆంటీ."

కొట్టంతా తెల్లగా తిరిగింది. వదిన లేచొచ్చి నా భుజం పట్టుకుంది.

"లేదంటే? లేదంటే ఏంటమ్మా!"

"అయ్యో, అలా కాదాంటీ! ఇక్కడ లేదు. మాతో రాలేదు. స్టేషన్లో దిగగానే ఫోను నా చేతిలో పెట్టి, దీన్ని పట్టుకుని తిరగవే, మా అమ్మ అడిగితే మంచిగా జవాబివ్వు అని చెప్పి వెళ్ళిపోయింది. నాలుగింటికి గడియారం స్తంభం దగ్గరికి వస్తానంది."

"ఎటెళ్ళింది?"

"ఎటెళ్తుందో చూడొద్దంది ఆంటీ. మేం చూడలేదు."

అంటే నేను మధ్యాహ్నం నుంచీ గీసింది ఈ పిల్ల నడక. నీళ్ళు తాగింది ఈ పిల్ల. చున్నీ కప్పుకుంది ఈ పిల్ల. నా కూతురు చేతిలో ఫోనైనా లేకుండా, భాష సరిగ్గా రాని ఊళ్ళో, నాలుగున్నర గంటలుగా ఎక్కడుందో ఈ భూమ్మీద ఒక్కరికీ తెలీదు.

వాళ్ళకి నాలుగవ్వాలంటే ఇంకా రెండున్నర గంటలు. "ఫోను పెట్టేయకు తల్లీ," అన్నాను. పొడుగమ్మాయి పెట్టేయలేదు. కాసేపటికి ఆ పిల్లే మొదలుపెట్టింది, చంటిపిల్లకి అన్నం పెడుతూ కబుర్లు చెప్పినట్టు. "ఇప్పుడు వంతెన కిందనుంచి వెళ్తున్నాం ఆంటీ. కింద చీకటిగా, చల్లగా ఉంది. నీళ్ళ వెలుగు రాళ్ళ మీద పడి ఆడుతోంది... ఇప్పుడు బయటికొచ్చేశాం. ఒడ్డున ఒకాయన కుక్కకి జుట్టు దువ్వుతున్నాడు. కుక్క ఆవలిస్తోంది. ఒకావిడ పరుపు బయటేసి దులుపుతోంది..."

నేను వింటూ కుట్టాను. ఖాళీ చేతుల్తో కూర్చుంటే చచ్చిపోతానని కుట్టాను. సూది కింద గుడ్డ పారుతుంటే అదే నది అనిపించింది. పొడుగమ్మాయి కళ్ళు నా తలలోకి వచ్చేశాయి. ప్రతి తోటలో, ప్రతి మలుపులో, ప్రతి గుంపులో మా బొంగరం కోసం వెతికాను. ఒకచోట నీలం చొక్కా అంది, ఒకచోట ఎవరో పరిగెడుతున్నారంది. ప్రతిసారీ "మా బొంగరం కాదుగా?" అనేదాన్ని. "కాదాంటీ." మేస్త్రి మిగిలిన మిషన్లు ఆపించేశాడు. వాన కూడా ఆగింది. ఏడున్నరైంది. వాళ్ళకి నాలుగు. పడవ దిగి వాళ్ళు ఎదురుచూస్తున్న స్తంభం మీద గడియారం కొట్టడం ఫోన్లో విన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

రాలేదు.

ఐదు నిమిషాలు. ఏడు. పది.

"వచ్చింది! వచ్చిందాంటీ! పరిగెత్తుకుని వస్తోంది."

"ఎలా ఉంది? సరిగ్గా చూసి చెప్పు."

"బానే ఉంది... జుట్టంతా రేగిపోయింది. చెంప మీద ఎర్రగా గీతలు పడి ఉన్నాయి."

తర్వాత నేనేం అరిచానో నాకు గుర్తులేదు. వదిన చెప్పింది. ఎవరే కొట్టింది, ఎవరే ఆ వెధవ, ఎక్కడికి తీసుకెళ్ళారు, ఏమైంది, ఏమైంది అని కొట్టు అదిరిపోయేలా అరిచానట. ఫోను చేతులు మారింది. బొంగరం రొప్పు వినిపించింది.

"ఏం కాలేదమ్మా."

"మరి ఆ గీతలేంటే?"

"ఒక్క పూటమ్మా," అంది. గట్టిగా కూడా అనలేదు. "ఒక్క పూట అడక్కుండా ఉండలేవా?" ఫోను పెట్టేసింది. నా తెర మీద చుక్క కూడా ఆరిపోయింది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి ఆ లైనింగ్ గుడ్డ దులిపాను. బ్రష్షుతో నాలుగుసార్లు కొడితే స్టేషను, చదరం, తోట, నది అన్నీ పొడైపోయి ముక్కులోకి వచ్చాయి. దులిపిందంతా పొడుగమ్మాయి నడక. నా కూతురు నడిచిన దారి ఆ గుడ్డ మీద గీతంత కూడా లేదు కదా, దులపడానికి.

ఆ తర్వాత ఐదు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. వాళ్ళ నాన్నతో నవ్వుతూ మాట్లాడేది. పరీక్షలు, వాన, వ్యాను బ్రేకులు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఫోను నా చేతికొచ్చేసరికి "ఊ". నేనేమో అడక్కుండా ఉండలేను. ఎవరైనా వెంటపడ్డారా? దారి తప్పావా? ఎవడైనా ఉన్నాడా? ఉంటే చెప్పు, నేను నాన్నకి చెప్పనులే. పడ్డావా? పోలీసుల దాకా వెళ్ళిందా? ప్రతిదానికీ "ఏం కాలేదమ్మా." ఏం కాకపోతే గీతలెందుకుంటాయి? కర్టెను కుట్టేటప్పుడు ఆ చెంప కళ్ళముందుకొచ్చేది. గీతలు నాలుగా, ఐదా? వేళ్ళ గుర్తులా? పొడుగమ్మాయిని అడిగితే, "నేను లెక్కపెట్టలేదాంటీ. మాకూ ఏం చెప్పలేదు," అంది. ఆ పిల్ల మాత్రం తన ఫోన్నుంచి రోజూ సాయంత్రం నాకో మెసేజి పెట్టేది: "నీళ్ళు తాగాను ఆంటీ." ఎందుకమ్మా నాకు అని ఓసారి అడిగాను. "మా ఇంట్లో ఇన్ని అడగరాంటీ. ఆ రోజు నాకు బాగుంది," అని రాసింది. "పడుకునేముందు మరీ ఎక్కువ తాగకు," అని రాశాను.

"అడగడం మానెయ్యి, అదే చెప్తుంది," అన్నారు ఆయన.

"మానేస్తే ఎప్పటికీ చెప్పదు."

"అడిగితే చెప్పిందా?"

ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

వానలు తగ్గాక ఆసుపత్రికి కర్టెన్లు తగిలించడానికి వెళ్ళాం. మంచాలు ఇంకా రాలేదు. గది వెనక గది, అన్నీ ఖాళీ, అన్నీ ఒకేలాంటివి. అడుగేస్తే చప్పుడు ముందు వెళ్ళి మనకోసం ఎదురుచూస్తోందనిపించేది. మేస్త్రి నిచ్చెనెక్కి కడ్డీలు బిగిస్తుంటే మేం కింద నుంచి రింగులు అందించేవాళ్ళం. మూడో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి కిందికి దిగారు. ఒక కర్టెను కుచ్చులు సరిగ్గా పడలేదని నేను ఆరో అంతస్తులో ఆగాను. సంచీ, ఫోను కిందే ఉన్నాయి. కుచ్చులు సర్ది, కిటికీ గట్టు మీద కూర్చున్నాను. కర్టెను నా వెనక మూసుకుంది. ముందు అద్దం, వెనక తెల్లగుడ్డ, మధ్యలో నేను. అంతే చోటు. బయట ఎండ కొత్తగా వచ్చింది. కింద రోడ్డు మీద మనుషులు బియ్యపుగింజలంత ఉన్నారు. ఒక్కరికీ నేను తెలీదు. ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు.

"వదినా!" అని ఎక్కడో వినిపించింది. "వదినా, ఎక్కడున్నావు?"

తలుపులు తెరుస్తున్న చప్పుడు దగ్గరికొచ్చింది, దూరమైంది, మళ్ళీ దగ్గరికొచ్చింది. నేను పలకలేదు. ఎందుకు పలకలేదో ఇప్పటికీ చెప్పలేను. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

చివరికి పక్క మిషను వదిన కర్టెను లాగేసింది. చెమటలు కారుతున్నాయి ఆమెకి. "ఇక్కడున్నావా! ఆరంతస్తులూ ఎక్కి దిగాను! ఏమైంది? కళ్ళు తిరిగాయా? పడ్డావా? కడుపులో నొప్పా?"

"ఏం కాలేదు," అన్నాను. అన్న తర్వాత ఆ మాట నా చెవిలో పడింది.

"ఏం కాకపోతే పలకవేం? గుండాగిపోయింది నాకు!" అని నా పక్కన గట్టు మీద కూలబడింది. కాసేపు ఆయాసపడి, కొంగుతో ముఖం తుడుచుకుని, తనూ అద్దంలోంచి కిందికి చూసింది. అరిచి అరిచి ఓపిక అయిపోయిందేమో, మామూలు గొంతుతో, "ఇంతసేపూ ఏం చూస్తున్నావే?" అంది.

అప్పుడు చెప్పాను. కింద చిన్నగా కనిపిస్తున్న మేడ మీద ఒకావిడ ఒకే దుప్పటిని మూడుసార్లు ఆరేసిందని చెప్పాను, గాలికి పడిపోతోందని. మబ్బునీడ ఒకటి రోడ్డు వెంట వెళ్ళి సరిగ్గా మలుపు దగ్గర తనూ తిరిగిందని చెప్పాను. అడిగితే ఇంకా చెప్పేదాన్ని. వదిన వింది. "భలే," అంది.

ఆదివారం ఫోన్ వచ్చింది. ఆయన మాట్లాడి నాకిచ్చారు. నా నోట్లో పాత ప్రశ్నలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. మింగేశాను.

"తిన్నావా?" అన్నాను.

"ఊ."

"మా ఆసుపత్రి కర్టెన్లు అయిపోయాయి."

"ఊ."

"ఆ రోజు, ఆ ఊళ్ళో..." అన్నాను. అవతల ఊపిరి బిగుసుకోవడం తెలిసింది. "ఏం జరిగిందని కాదులే. ఎలా గడిచిందే నీకు ఆ పూటంతా?"

వాళ్ళ గదిలో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఎవరో తలుపేసిన చప్పుడు. ఆయన నా వైపు చూసి, లైను కట్టయిందా అని చేత్తో అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. హలో హలో అనాలని నాలుక చివరికి వచ్చింది. అనలేదు. ఇటు మా గోడ గడియారంలో పెద్దముల్లు ఓ గీత దాటింది, ఇంకో గీత దాటింది. నేను ఫోను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను.

"నిద్రపోయానమ్మా," అంది బొంగరం.

తర్వాత మెల్లగా అంది: "నది పక్కన ఒక చెక్క పలకల బెంచీ ఉంది. దాని మీద చెంప ఆనించి పది నిమిషాలు ఒరుగుదామనుకున్నా. ఎండ ముఖం మీద పడుతోంది. ఇక్కడికొచ్చాక అలా ఒక్కరోజు కూడా నిద్రపట్టలేదమ్మా నాకు. గడియారం నాలుగు కొట్టేదాకా మెలకువే రాలేదు."